మోడెంలో ఎర్ర లైటా? ముందు రీసెట్ నొక్కకండి

జుమ్మా రోజు సాయంత్రం. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న మనిషికి సెలవు, వీడియో కాల్ చేసే వేళ. ఇంట్లో అందరూ ఫోన్ చుట్టూ చేరారు, నెట్ మాత్రం రాదు. అప్పుడు చాలామంది మోడెం వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేస్తారు. దాంతో ఆపరేటర్ పెట్టిన సెట్టింగులు కూడా చెరిగిపోవచ్చు. చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది. అందుకే ముందు లైట్లు చూడండి.

పవర్ లైటు లేకపోతే: అడాప్టర్, ప్లగ్ చూడండి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, ఆపరేటర్ దగ్గర కరెంటు పోతే నెట్ రాదు.

ఎల్.ఓ.ఎస్. లైటు ఎర్రగా ఉంటే: ఫైబర్ తీగలో వెలుతురు మోడెం దాకా రావడం లేదని అర్థం. మోడెం ఆపి, సన్న తీగ మంచం వెనక మడత పడిందేమో, పిన్ను వదులైందేమో చూడండి. విప్పిన తీగ చివర కంటితో చూడొద్దు. అందులోని వెలుతురు కనబడదు గానీ కంటికి హాని. అయినా ఎర్రగానే ఉంటే లోపం బయట ఉన్నట్టే.

2016 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలైన మోరి గ్రామం మన సఖినేటిపల్లి మండలంలోదే. ఆ కేబుల్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. ఒక్క కొబ్బరి మట్ట పడినా తెగొచ్చు. ఆపరేటర్‌కి ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అనకుండా "ఎల్.ఓ.ఎస్. ఎర్రగా ఉంది" అని చెప్పండి. ఏం తెచ్చుకోవాలో వాళ్లకి తెలుస్తుంది.

పాన్ లైటు ఆగకుండా మిణుకుతుంటే: వెలుతురు వస్తోంది, కనెక్షన్ కలవలేదు. ఐదు నిమిషాలు ఆపి మళ్లీ వేయండి.

అన్నీ పచ్చగా ఉన్నా నెట్ రాకపోతే: ప్యాక్ గడువు చూడండి, ఇంకో ఫోన్‌తో కలిపి చూడండి.

శాటిలైట్ మోడెం అయితే డిష్‌కి ఆకాశం అడ్డు లేకుండా కనబడాలి. పోయినేడు అడ్డులేని కొబ్బరి మట్ట ఈ ఏడు ఎదురు రావచ్చు. టీవీ డిష్‌కి లాగే గట్టి వానలో సిగ్నల్ తగ్గుతుంది. వాన తగ్గేదాకా దాన్ని కదపొద్దు.

ఈలోగా మొబైల్ డేటాతో "నెట్ పోయింది, మేమంతా బాగున్నాం" అని ఒక వాయిస్ మెసేజ్ పంపండి. కాల్ కలవకపోతే దూరాన ఉన్నవాళ్ల మనసు ముందు చెడు వైపే పోతుంది.