పలకరాతి ధూళియు, ఇంజను ఆయిలును

కోట్ల సంవత్సరములు భూగర్భమున నలిగి పొరలు పొరలుగా గట్టిపడిన పలకరాయి మార్కాపురము చుట్టుపట్ల గనులనుండి వెలువడి, మూడు నాలుగు తరముల తెలుగు బిడ్డలు అక్షరములు దిద్దుకొనిన రాతిపలకయై, పిమ్మట దూరదేశముల గోడలకును నేలలకును పరచు బిళ్ళయై ఆ ఊరికి పేరు తెచ్చినదన్న సంగతి అందరెరిగినదే; కాని ఆ రాతిని కోయునపుడును, చెక్కునపుడును, లారీల కెత్తి మట్టిబాటల వెంట తరలించునపుడును లేచు బూడిదవన్నె దుమ్ము ఎక్కడెక్కడకు చేరుచున్నదో, ఆ బాట ప్రక్కనే పోవు మోటారుసైకిలు ఇంజనులోనికి అందులో ఎంత పాలు పోవుచున్నదో విచారించువారు అరుదు. పలకరాతిలో అభ్రకజాతి ఖనిజములతోపాటు స్ఫటికము, అనగా సిలికా, కలదు. ఖనిజముల కాఠిన్యమును కొలుచు మో మానమున వజ్రమునకు 10 అంకె కాగా స్ఫటికమునకు 7. ఇనుమును, సామాన్యపు ఉక్కును గీయుటకు ఆ మాత్రము చాలును. గనిపనివారి ఊపిరితిత్తులను తినివేయునదియు ఇదియే.

ఇంజను ఆయిలు ఏది పోయవలెను, ఎన్నాళ్ళకొకసారి మార్చవలెను అను ప్రశ్నకు సమాధానమును దుమ్ముతో ఆరంభించుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను మార్కాపురము, గిద్దలూరు, దోర్నాల, కంభము ప్రాంతముల బండ్లను చూచిన పిమ్మట, ఈ ప్రశ్న డబ్బాపై అచ్చు వేసిన అక్షరములకంటె, గాలిని వడగట్టు ఎయిర్ ఫిల్టరునకు ఎక్కువ దగ్గరిదని నాకు తోచుచున్నది.

ముందుగా ఆయిలు చేయు పని యేమో తెలిసికొనవలెను. జారుడు కొరకని అందరును అందురు. అది నిజమే, కాని జారుట ఎట్లు సంభవించునో 1883 వరకు ఇంజనీర్లకే తెలియదు. ఆ సంవత్సరమున ఇంగ్లండులో బోషాం టవర్ అను ఇంజనీరు, అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ పక్షమున, రైలుపెట్టె ఇరుసుపై కూర్చుండు బేరింగు రాపిడిని కొలుచుచు, నూనె పోయుటకై ఆ బేరింగు నడినెత్తిన ఒక రంధ్రము తొలిపించెను. ఇరుసు తిరుగనారంభించినంతనే నూనె లోనికి పోవుటకు బదులు రంధ్రమునుండి పైకి ఉబికెను. బెండు బిగించిన అది ఊడివచ్చెను, చెక్కమేకు కొట్టిన అదియు మెల్లగా పైకి లేచెను. ఇదేమి వింతయని ఒత్తిడి కొలుచు గడియారమును తగిలించి చూడగా, దాని ముల్లు చదరపు అంగుళమునకు 200 పౌనుల అంకెను దాటిపోయెను; బేరింగుపై మోపిన బరువో, సగటున అందులో సగమే. మూడేండ్లకు, 1886లో, ఆస్బర్న్ రేనాల్డ్సు ఈ చిక్కును గణితముచే విప్పెను: తిరుగు ఇరుసు తనతోపాటు నూనెను ఇరుకైన సందులోనికి ఈడ్చుకొనిపోవుటచేత అచ్చట ఒత్తిడి పుట్టుననియు, ఆ ఒత్తిడియే బరువును మోయుననియు, ఇరుసు వాస్తవముగా లోహముపై గాక నూనెపై తేలుచు తిరుగుననియు తేల్చెను. బండి స్టార్టు చేసిన మొదటి క్షణములలో వేగము లేదు కనుక ఆ పొరయు లేదు. అప్పుడు లోహమును కాపాడునది ఆయిలులో కలిపిన జింకు, ఫాస్ఫరసు, గంధకముల సమ్మేళనము లోహముపై ఏర్పరచు పలుచని పూత.

మన పూర్వులు ఎద్దుబండి ఇరుసుకు ఆముదముతో కందెన వేసిరి. అది నాటుపద్ధతియని నవ్వుటకు వీలులేదు. మొదటి ప్రపంచయుద్ధమున ఆకాశమున ఎగిరిన విమానముల రోటరీ ఇంజనులకును ఆముదమే పోసిరి, ఏలయన అది పెట్రోలులో సులభముగా కరగదు. వేడికి జిగురై గడ్డకట్టు గుణమొక్కటే దానికి శత్రువైనది.

ఇక దుమ్ము మాట. మిల్లీమీటరును వేయి భాగములు చేసిన ఒక్కొక్క భాగము ఒక మైక్రాను. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. నడుచు ఇంజనులో బేరింగుల నడుమను, పిస్టన్ రింగులకును బోరు గోడకును నడుమను నిలుచు ఆయిలు పొర ఒకటి మొదలు కొన్ని మైక్రానులకు మించదు. పెద్ద ఇసుకరేణువు ఆ సందులో దూరజాలదు, మైక్రానుకు లోబడిన ధూళి పొరలో మునిగి తేలిపోవును. ఈ రెంటికిని నడుమనున్న ఐదు, పది, ఇరువది మైక్రానుల రేణువే ఇరువైపుల లోహమును ఒక్కసారిగా తాకి, రెంటిని గీరుచు పోవును. ఆ పరిమాణపు రేణువు మన కంటికి విడిగా ఆనదు. బాట మీద కనుపించు మట్టిమేఘము అణగిపోయిన పిమ్మట, గాలి తేటపడినదని మనము అనుకొను వేళ, తేలియాడుచు మిగులునది సరిగా అదియే.

ఇంజను ఆ గాలిని ఎంత పీల్చుచున్నదో లెక్క వేసి చూడుడు. ఒక లీటరు పెట్రోలు సరిగా మండుటకు సుమారు 9,000 లీటర్ల గాలి కావలెను. లీటరుకు 50 కిలోమీటర్లు నడుచు బండి 3,000 కిలోమీటర్లు తిరుగునప్పటికి 60 లీటర్ల పెట్రోలును, దానితో 5 లక్షల 40 వేల లీటర్ల గాలిని మ్రింగును. ఎయిర్ ఫిల్టరు పెట్టెను ఇంజనుకు కలుపు రబ్బరు గొట్టము వద్ద క్లిప్పు వదులైనను, ఫిల్టరు అంచున సీలు నలిగినను, ఆ గాలిలో కొంత వడగట్టుబడకయే లోనికి పోవును. ఎంత ఖరీదైన ఆయిలు పోసినను అటు పిమ్మట ఉపయోగము స్వల్పము. దీనిని కనుగొనుటకు యంత్రములు అక్కరలేదు. ఆ గొట్టమును ఊడదీసి, ఇంజను వైపు లోపలి గోడను వ్రేలితో తుడిచిన చాలును. వ్రేలికి పొడి అంటినచో దుమ్ము లోనికి పోయినట్లే. పాత ట్రాక్టర్లకు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు ఉండును. దాని అడుగు గిన్నెను విప్పి లోనికి వ్రేలు పెట్టిన, పైన నల్లని నూనెయు, క్రింద గోరంత లోతున మెత్తని బురదయు తగులును. ఆ బురద ఇంజనులోనికి పోవలసినదే, గిన్నెలో నిలిచిపోయినది.

ఇచ్చట ఒక హెచ్చరిక. దుమ్ము ఎక్కువ కనుక కాగితపు ఫిల్టరును వారమునకొకసారి ఊడదీసి, టైర్లకు గాలి పట్టు కంప్రెసరు గొట్టముతో జోరుగా ఊది మరల బిగించు వాడుక పెక్కు చోట్ల కలదు. ఆ జోరుకు కాగితము కంటికి కానరాని చీలికలు పడును. ఊదిన ప్రతిసారియు సీలు కొంత వదులగును. అది మునుపటికంటె పరిశుభ్రముగా కనుపించుచు మునుపటికంటె ఎక్కువ దుమ్మును వదలును. కాగితపు ఫిల్టరును ఊదుటకంటె త్వరగా మార్చుటయే మేలు, అది ఆయిలు డబ్బాకంటె చౌక కూడ. చాల చిన్న మోటారుసైకిళ్ళలో కాగితపు ఆయిల్ ఫిల్టరే ఉండదు. తీగజల్లెడయు, గిరగిర తిరుగుచు మడ్డిని అంచునకు విసరు చిన్న కప్పును మాత్రమే ఉండును. అట్టి బండిలో ఒకసారి దూరిన ధూళిని బయటకు పంపు మార్గము ఆయిలు మార్చుట ఒక్కటే.

డీజిలు బండ్ల విషయమున మెకానిక్కులు చెప్పు పాత లెక్కలు వేరొక కాలమున పుట్టినవి. 1990ల ఆరంభమున మన దేశపు డీజిలులో నూటికి ఒక పాలు వరకు గంధకము ఉండెడిది; అది మండి, నీటి ఆవిరితో కలసి ఆమ్లమై ఆయిలులో దిగెడిది; ఆ ఆమ్లమును విరుచుటకు ఆయిలులో కలిపిన క్షారము త్వరత్వరగా ఖర్చయ్యెడిది. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలైన బి.ఎస్.-6 ఇంధనమున గంధకము పది లక్షలకు 10 పాళ్ళకు మించరాదు, అనగా పూర్వపు లెక్కలో వేయవ వంతు. ఆ కారణముచే, అన్ని డీజిలు బండ్లకును ఒకే తక్కువ కిలోమీటర్ల గడువు పెట్టి ఆయిలు పారబోయుట నేడు పెక్కింటికి వృథా ఖర్చు. గంధకము తొలగినది గాని పలకరాతి దుమ్ము తొలగలేదు. కంపెనీ పుస్తకములో సామాన్యపు వాడుకకు ఒకటి, కఠినమైన వాడుకకు వేరొకటిగా ఇచ్చు రెండు గడువులలో రెండవది ఎవరికి వర్తించునో ఆలోచించినచో, గనుల దారిలో తిరుగు బండి యజమానికి సమాధానము వెదకనక్కరలేదు.

కిలోమీటర్ల లెక్క చాలని చోట్లు మరికొన్ని కలవు. వేసవిలో మార్కాపురము ప్రాంతపు పల్లెలకు త్రాగునీరు మోయు ట్రాక్టరు ట్యాంకరు, నీరు పట్టుకొనుటకు వరుసలో నిలిచి, వీథి వీథికి ఆగి, గంటలు గంటలు ఇంజను ఆగకుండ నడచుచు, సాయంత్రమునకు పట్టుమని ముప్పది కిలోమీటర్లయినను పోదు. కనుకనే ట్రాక్టరుకు గంటల మీటరు పెట్టిరి. 250 గంటల పరిసరమున ఆయిలు మార్చుమని పెక్కు కంపెనీలు చెప్పును. బోరుబండి సంగతి ఇంకను దుర్భరము: నిలిచిన చోటనే పూర్తి బరువుపై దాని కంప్రెసరు ఇంజను నడచుచు, వందల అడుగుల లోతునుండి తానే పైకి ఎగజిమ్మిన రాతిపొడిని నీరు తగులువరకు తానే పీల్చుకొనును. ఇందుకు విపరీతముగా, ఇంటినుండి బజారుకు, బజారునుండి బడికి కిలోమీటరో రెండో తిరుగు స్కూటరు సంవత్సరమునకు రెండు వేల కిలోమీటర్లు తిరుగక, మీటరు చూచినవారికి ఆయిలు క్రొత్తదిగనే తోచును. లీటరు పెట్రోలు మండిన సుమారు లీటరు నీరు పుట్టును. ఇంజను బాగుగా వేడెక్కువరకు నడచినగాని ఆయిలులోనికి దిగిన తేమ ఆవిరియై పోదు. చలికాలమున అట్టి బండి ఆయిలు మూతను విప్పిన లోపలి వైపు తెల్లని నురగ కనుపించుట అందుచేతనే. దానికి కిలోమీటర్లతో పనిలేక ఏటికొకసారి మార్చవలెను.

ఏ ఆయిలు అను ప్రశ్నకు ఇంత దీర్ఘముగా చెప్పవలసినది లేదు. 20 డబ్ల్యు-40 అను గుర్తులో మొదటి అంకె చలిలో పారుదలను, రెండవది 100 డిగ్రీల వేడిలో మిగులు చిక్కదనమును తెలుపును. 20 డబ్ల్యుకు ఇంజను తిరుగు పరీక్ష జరుపునది సున్నకు 15 డిగ్రీల దిగువన. నల్లమల అంచున పుష్యమాసపు తెల్లవారుజామునను అట్టి చలి కలలోని మాట. అయినను క్రొత్త ఇంజనుల సన్నని నూనెదారులు పలుచని ఆయిలు కొరకే నిర్మింపబడినవి; పుస్తకమున 10 డబ్ల్యు-30 అని యున్నచో ఎండలు మెండని 20 డబ్ల్యు-50 పోయుట తెలివి కాదు. నీటితో చల్లబడు కారు ఇంజనును థర్మోస్టాటు దాదాపు ఒకే వేడిలో నిలుపును. బయట 30 డిగ్రీలైనను 44 అయినను లోపల భేదము స్వల్పము. గాలితో చల్లబడు మోటారుసైకిలు ముగ్గురిని మోసికొని గిద్దలూరునుండి నంద్యాల వైపు ఘాటు ఎక్కునపుడు మాత్రము ఆ భేదము నిజమే, అయినను కంపెనీ అనుమతించిన అంకెలలోనే ఎన్నుకొనవలెను.

డబ్బాపై అచ్చు వేసిన అక్షరములలో రెండు రకములను గమనించిన చాలును. గేర్ల మోటారుసైకిలులో క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిలులోనే మునిగియుండును కనుక జాసో ఎం.ఎ. గుర్తు కావలెను, జారుడు ఎక్కువ చేయు ద్రవ్యములు కలిపిన కారు ఆయిలు పోసిన క్లచ్ జారి, ఇంజను అరచునేగాని బండి ముందుకు పోదు. గేర్లు లేని స్కూటరుకు ఎం.బి. వేరుగా కలదు. బి.ఎస్.-6 డీజిలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టు ఫిల్టరు ఉండును. పాత రకపు ఆయిలు మండి మిగిల్చు బూడిద దానిని పూడ్చివేయును. అందుచేత వానికి సి.కె.-4 వంటి తక్కువ బూడిద రకమే పోయవలెను. లూజు ఆయిలు ఎంత చౌకయైనను కొనరాదు.

ఆయిలు నల్లబడినదని వెంటనే పారబోయువారు కలరు. డీజిలు ఇంజనులో అది మార్చిన కొలదిరోజులకే నల్లబడును. బట్టలుతికిన సబ్బునీరు మురికియైనట్లు, మసిని విడదీసి తనలో తేల్చుకొనుటయే దాని పని. ఆ శక్తి మిగిలినదా లేదా యని తెలిసికొనుటకు డిప్‌స్టిక్ కొననుండి ఒక్క బొట్టును అద్దుడు కాగితముపై వేసి ఒక పూట ఉంచవలెను. మసి అంచువరకు సమముగా వ్యాపించి బూడిదరంగు వలయమైనచో ఆయిలు ఇంకను పనిలో ఉన్నదని అర్థము. నడుమ నల్లని గడ్డగా నిలిచి, చుట్టును తెల్లని నూనె మాత్రము ప్రాకినచో అది అలసిపోయినది. దుమ్మును ఈ పరీక్ష పట్టజాలదు. రైల్వే డీజిల్ షెడ్లలో ఆయిలు నమూనాను స్పెక్ట్రోమీటరుతో పరీక్షించి, అందులో ఇనుము, రాగి, సిలికాన్ (సిలికాలోని మూలకము) పాళ్ళను వేరువేరుగా చదువుదురు. ఇనుముతోపాటు సిలికాన్ పెరిగినచో బేరింగును విప్పుటకు ముందు గాలి వచ్చు దారిని చూతురు. సామాన్యునికి ఆ యంత్రము లేదు గనుక గొట్టములో వ్రేలు పెట్టి చూచుటయే దిక్కు.

మార్చునపుడు ఇంజనును కొంత దూరము నడిపి, వేడి మీదనే చాంబరు నట్టు విప్పవలెను. చల్లారిన పిమ్మట విప్పినచో మడ్డి అడుగుననే నిలిచి, క్రొత్త ఆయిలులో మొదటి దినముననే కలియును. డిప్‌స్టిక్ పై గీతను మించి పోసిన క్రాంకు చిలికి నురగ చేయును. నురగలో గాలియే గాని బరువు మోయు పొర ఉండదు. తీసిన ఆయిలును సెంట్రింగు చెక్కలకు పూయుటకు మేస్త్రీలు అడిగి పట్టుకొనిపోవుదురు, చేతులతోనే పూయుదురు. వాడిన ఆయిలులో చర్మమునకు కీడుచేయు, క్యాన్సరు కలిగించు పదార్థములు చేరియుండును గనుక చేతితొడుగులు లేనిదే దానిని ముట్టరాదు. చట్టము దానిని ప్రమాదకర వ్యర్థముల జాబితాలోనే చేర్చినది. మూతగల డబ్బాలో పోసి, వాడిన ఆయిలు కొనుటకు అనుమతి పొందినవారికి అప్పగించవలెనేగాని షెడ్డు వెనుక మట్టిలో గుమ్మరించరాదు, వాన కురిసినపుడు ఆ మట్టి వాలున పోవునది గుండ్లకమ్మకే.