ఇంటి వైశాల్యం: వెలుపలి కొలత చెప్పేది, చెప్పలేనిది

అమెరికాలో సొంత ఇల్లున్న తెలుగు కుటుంబాలకు ఆస్తి పన్ను నోటీసు కొత్త కాదు. ఆ పన్నుకు ఆధారమైన అంకెలలో ముఖ్యమైనది నివాస వైశాల్యం. దానిని నిర్ణయించే కౌంటీ ఉద్యోగి చాలాసార్లు గడప దాటి లోపలికి రాడు. ఇంటి చుట్టూ టేపుతో కొలుచుకొని వెళతాడు. గదులు చూడనివారికి వైశాల్యం ఎలా తెలుస్తుంది?

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో ప్లింత్ ఏరియా, కార్పెట్ ఏరియా అనే మాటలు వాడుకలో ఉన్నాయి. మొదటి దానిలో గోడల మందం చేరుతుంది. రెండవ దానిలో చేరదు. అమెరికాలో విడి ఇళ్లకు అనుసరించే పద్ధతి మొదటి దానికి దగ్గరిది. 1996లో తొలిసారి వెలువడిన జడ్ 765 అనే ప్రమాణం ప్రకారం బయటి గోడల వెలుపలి ముఖం వరకు కొలవాలి. కౌంటీల నియమాలు వేరు వేరుగా ఉన్నా, సాధారణంగా అవి కూడా వెలుపలి కొలతనే తీసుకుంటాయి.

ఉదాహరణకు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల ఇంటి వైశాల్యం వెలుపలి నుండి 1,200 చదరపు అడుగులు. గోడ మందం అర అడుగైతే లోపలి కొలతలు 39, 29 అడుగులు, వైశాల్యం 1,131. ఈ 69 అడుగుల తేడా గోడలదే కాని, ఉద్యోగి పొరపాటు కాదు.

మూలలు ఎక్కువగా ఉన్న ఇంటిని దీర్ఘచతురస్రాలుగా విభజించి, వాటి వైశాల్యాలను కూడాలి. కొలతలను సరిచూసేందుకు సులువైన పరీక్ష ఒకటున్నది. ఇంటి చుట్టూ తిరిగేటప్పుడు తూర్పుగా నడిచిన పొడవుల మొత్తం, పడమరగా నడిచిన వాటి మొత్తానికి సమానం కావాలి. ఉత్తర దక్షిణాలకూ అంతే. కాకపోతే ఎక్కడో కొలత తప్పినట్లే.

అయితే గోడలు అన్నీ చెప్పవు. పై ఇల్లే రెండంతస్తులదైతే మొత్తం 2,400 చదరపు అడుగులని తోస్తుంది. ముందు హాలు పై కప్పు వరకు తెరచి ఉండి, ఆ ఖాళీ 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉంటే, పై అంతస్తులో 120 అడుగుల మేర నేలే లేదు. అసలు వైశాల్యం 2,280 మాత్రమే. చదరపు అడుగుకు 150 డాలర్ల చొప్పున లెక్కిస్తే ఆ లేని నేల విలువ 18,000 డాలర్లు!

బేస్‌మెంట్ మరొక చిక్కు. అందులో పూజగది, పిల్లల చదువుగది ఎంత చక్కగా అమర్చుకున్నా, ఆ అంతస్తులో కొంత భాగం నేలమట్టానికి దిగువన ఉన్నా సరే, జడ్ 765 దానిని పై అంతస్తుల వైశాల్యంతో కలపదు, విడిగా చూపుతుంది. గరాజు అసలే చేరదు. ఏటవాలు కప్పు కింద 5 అడుగుల ఎత్తు కూడా లేని చోటు లెక్కకు రాదు.

కనుక గృహస్థులు కౌంటీ కార్యాలయం నుండి తమ ఇంటి రికార్డు కార్డును తెప్పించుకొని, అందులోని పటాన్ని తమ కొలతలతో పోల్చి చూడటం మంచిది. కొలవవలసింది వెలుపలి నుండే. పైకి తెరచిన హాలును నేలగా లెక్కించినట్లు తేలితే, నోటీసులో తెలిపిన గడువులోగా అప్పీలు చేసుకోవచ్చు. ఒక టేపు, ఒక తెల్ల కాగితం, ఒక ఆదివారం ఉదయం ఇందుకు చాలు.