బురదైనా, మంచైనా... బెల్టు ఎంత పొడవుండాలి?

కోల్‌కతా పక్కనే ఉన్న న్యూ టౌన్‌లో ఇప్పుడు ఎత్తైన భవనాలు, వెడల్పాటి రోడ్లు కనిపిస్తాయి. కాని ఒకప్పుడు అది రాజర్‌హాట్ ప్రాంతపు వరిపొలాలు, చెరువులు, పల్లపు నేల. ఏళ్ళ తరబడి నదులు తెచ్చి పోసిన మెత్తని మట్టి. 1999లో ఏర్పడిన హిడ్కో అనే ప్రభుత్వ సంస్థ ఈ పట్నాన్ని కట్టించింది. ఇలాంటి నేల వానకు నానితే లారీ చక్రాలు ఇరుసుదాకా దిగబడిపోతాయి. దాదాపు 20 టన్నుల పొక్లెయిన్ మాత్రం అదే బురదలో తవ్వుకుంటూ ముందుకు పోతుంది. ఎందుకని?

దిగబడడానికి కారణం బరువు ఒక్కటే కాదు, పీడనం. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు నేల మీద పడే బరువు. పొక్లెయిన్‌కు ఉండే రెండు ఇనుప చైన్లలో ఒక్కొక్కటి 60 సెం.మీ. వెడల్పున, 366 సెం.మీ. పొడవున నేలను తాకుతుందనుకోండి. లెక్క వేస్తే చ.సెం.మీ.కు అర కిలో కూడా పడదు. గాలి బాగా కొట్టిన లారీ టైరు కింద అది 7 కిలోల దాకా ఉంటుంది!

మంచు కూడా బురదలాంటిదే. అడుగు పెడితే కూరుకుపోతుంది. అందుకే చలిదేశాల్లో కొందరు తమ మోటారు సైకిల్‌ను శీతాకాలంలో మంచు బైకుగా మార్చుకుంటారు. ముందు చక్రం తీసి స్కీ అనే పలకను, వెనుక చక్రం తీసి ట్రాక్ అనే రబ్బరు బెల్టును బిగిస్తారు. ఈ విడిభాగాలన్నీ ఒక కిట్‌గా దొరుకుతాయి.

ఇప్పుడు మన ప్రశ్న. 120 అంగుళాల బెల్టు తీసేసి 129 అంగుళాలది వేయాలంటే ఏం చేయాలి? బెల్టును లాగి సాగదీయలేం. దాన్ని తిప్పే పళ్ళచక్రం పళ్ళ ఎడానికి సరిపోయేలా బెల్టుకు వరుసగా గళ్ళుంటాయి. గడికీ గడికీ మధ్య 3 అంగుళాలైతే మొదటి బెల్టులో 40 గళ్ళు, రెండో దాంట్లో 43. నలభైన్నర గళ్ళ బెల్టు అంటూ ఉండదు! కొత్త బెల్టు ఎక్కించాక, దాని లోపల ఉండే పట్టాలను పొడిగించి, చివరి చక్రాన్ని వెనక్కి జరపాలి. ఎంత? 9 అంగుళాలు కాదు, నాలుగున్నరే. బెల్టు పైనా కిందా చుట్టి వస్తుంది కదా, పెరిగిన పొడవులో సగమే నేలకు దక్కుతుంది.

బెల్టు మీద పడే బరువు 150 కిలోలు, వెడల్పు 28 సెం.మీ., మంచును తాకే పొడవు 120 సెం.మీ. అనుకుందాం. పీడనం సుమారు 45 గ్రాములు. నాలుగున్నర అంగుళాలు, అంటే 11.4 సెం.మీ. కలిస్తే అది సుమారు 41 గ్రాములకు తగ్గుతుంది. లోతైన మంచులో బండి తేలడానికి ఇది సాయపడుతుంది.

మరి బెల్టును ఇంకా ఇంకా పొడిగిస్తే? ఉచితంగా ఏదీ రాదు. పొడవైన బెల్టు బరువెక్కుతుంది, ఘర్షణ పెరుగుతుంది, దాన్ని తిప్పడానికి ఇంజను ఎక్కువ శక్తి పెట్టాలి. పైగా బండి తిన్నగా పోవాలని చూస్తుంది, మలుపు తిరగనంటుంది. అందుకే గట్టి మంచులో చురుగ్గా తిరగాలనుకునేవారు పొట్టి బెల్టును, లోతైన మంచులో కొండలెక్కేవారు పొడుగు బెల్టును ఎంచుకుంటారు.

మంచు సంగతి మనకెందుకు అనుకుంటున్నారా? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నేలకొరిగి నీళ్ళలో నానింది. అలాంటి మడిలో టైర్ల కోతమిషను దిగితే కూరుకుపోతుంది. చైను మిషనుకైతే ఆశ ఉంటుంది. గింజ మొలకెత్తేలోగా కోయగలిగితేనే రైతుకు నాలుగు గింజలు దక్కుతాయి. ఆ చైను కూడా మరీ పొడుగైతే గట్ల మధ్య తిరగలేదు. తిరిగిన చోటల్లా మడిని చిందరవందర చేస్తుంది.

మీరే చేసి చూడండి. తడి ఇసుక మీద ఒక ఇటుకను నిలువుగా నిలబెట్టండి. తర్వాత అదే ఇటుకను వెడల్పు వైపున పడుకోబెట్టండి. ఏది లోతుగా దిగింది? ఇప్పుడు రెండింటినీ ఇసుకలోనే పక్కకు తిప్పి చూడండి. ఏది తేలిగ్గా తిరిగింది? దిగబడకుండా ఉండడం, తేలిగ్గా తిరగడం - ఈ రెండింటి మధ్య రాజీ కుదర్చడమే బెల్టు పొడవును నిర్ణయించే ఇంజనీరు పని.