చెమటకు వాసన ఉందా?

మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు చేయెత్తి జవాబు చెప్పడం మానేశాడు. చంకలో తడి, వాసన బయటపడతాయని సిగ్గు!

మీరు నమ్మకపోవచ్చు గాని, అప్పుడే వెలువడిన చెమటకు దాదాపు వాసన ఉండదు. మీ వయస్సులోనే చంకలోని కొన్ని ప్రత్యేక గ్రంథులు పనికి పూనుకుంటాయి. వాటి స్రావాన్ని చర్మంపైని బాక్టీరియాలు విచ్ఛిన్నం చేస్తే దుర్వాసన పుడుతుంది. సబ్బుతో స్నానం, ఉతికిన బట్టలు చాలామందికి సరిపోతాయి.

చెమట ధారకడితే? వైద్యులు అల్యూమినియం క్లోరైడు ద్రావణం ఇస్తారు. రాత్రివేళ పొడి చర్మానికి రాయాలి. తడిమీద రాస్తే మంట! అది స్వేదనాళాల మూతికి బిరడాలా అడ్డుపడుతుంది.

దానికీ లొంగకపోతే బొటులినం ఇంజక్షను. పాడైన ఆహారంలో పుట్టి ప్రాణాలు తీసే విషమే ఇది! అత్యల్ప మోతాదులో ఇస్తే, స్వేదగ్రంథికి నాడి పంపే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఆపుతుంది. 2004లో అమెరికా దీనిని చంక చెమటకు అనుమతించింది. ప్రభావం కొన్ని నెలలే. నాడిని కత్తిరించే శస్త్రచికిత్స కూడా ఉంది గాని, తరువాత వీపుమీద చెమట పెరగవచ్చు.

మా కుర్రవాడికి ద్రావణంతోనే తగ్గింది.