రెండు వాకిళ్ళ సర్వరు: జవాబుకు దారి

ఉత్తరం మీద రెండు చిరునామాలు ఉంటాయి. ఒకటి చేరవలసినవారిది, రెండవది పంపినవారిది. తపాలా ఉద్యోగి చూసేది మొదటిదానిని మాత్రమే. రెండవదానితో ఆయనకు పని పడేది ఉత్తరం బట్వాడా కాక వెనుకకు తిరిగివచ్చినప్పుడే. ఇంటర్‌నెట్టులో కూడా ఇదే పద్ధతి. అక్కడ సమాచారాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి పంపుతారని, ఒక్కొక్క ముక్కను ప్యాకెట్టు అంటారని విద్యార్థులు వినే ఉంటారు. 1981 సెప్టెంబరులో వెలువడిన ఇంటర్‌నెట్ ప్రోటోకాల్ నిబంధనల ప్రకారం ప్రతి ప్యాకెట్టు ముందు భాగాన కనీసం 20 బైట్ల శీర్షం ఉంటుంది. అందులో 13 నుంచి 16 వరకు గల నాలుగు బైట్లలో పంపినవారి చిరునామా, అనగా మూల చిరునామా ఉంటుంది. 17 నుంచి 20 వరకు గమ్య చిరునామా. మూలమే ముందు వ్రాయబడి ఉన్నప్పటికీ, దారి చూపే యంత్రాలైన రౌటర్లు దానిని దాటిపోయి గమ్యాన్ని చదివి, తమ మార్గపట్టికను బట్టి ప్యాకెట్టును ముందుకు పంపుతాయి.

ఇందుకు కారణం పొదుపే. ఇంటర్‌నెట్టు నడిబొడ్డున ఉండే పెద్ద రౌటర్లు 9 లక్షలకు పైబడిన చిరునామా సమూహాలకు దారులు జ్ఞాపకం ఉంచుకోవాలి. గమ్యంతోపాటు మూలాన్ని కూడా లెక్కలోకి తీసుకొంటే ప్రతి గమ్యానికీ ప్రతి మూలానికీ జతగా ఒక పంక్తి కావలసివస్తుంది. 9 లక్షలను 9 లక్షలతో గుణించి చూస్తే అది ఎంత అసాధ్యమైన పనో తెలుస్తుంది. అందుచేత గమ్యాన్ని మాత్రమే చూడాలన్న నియమం స్థిరపడిపోయింది. బయటికి ఒక్కటే తీగ ఉన్న కంప్యూటరుకు దీనివల్ల నష్టమేమీ లేదు. వచ్చేదీ పోయేదీ ఆ ఒక్క దారినే గదా! చిక్కు వచ్చేదల్లా యంత్రానికి రెండు వాకిళ్ళు ఉన్నప్పుడే.

ఒక కళాశాలలో పరీక్షా ఫలితాలు చూపించే సర్వరు ఉన్నదనుకొందాము. ఫలితాలు వెలువడే రోజున ఒక లింకు తెగిపోతే వేలమంది విద్యార్థులు ఆందోళన పడతారు. కనుక కళాశాలవారు రెండు వేర్వేరు సేవాసంస్థల నుంచి రెండు లింకులు తీసుకొన్నారు. సర్వరుకు రెండు ఇంటర్‌ఫేసులు, అనగా తీగలు తగిలించే రెండు వాకిళ్ళు. మొదటి వాకిలి చిరునామా 198.51.100.10, అక్కడి రౌటరు 198.51.100.1. రెండవ వాకిలి చిరునామా 203.0.113.10, దాని రౌటరు 203.0.113.1. (ఈ అంకెలు ఎవరికీ చెందినవి కావు. పుస్తకాలలో ఉదాహరణలకోసమే ప్రత్యేకించి ఉంచినవి.) ఇక సర్వరులోని మార్గపట్టికలో మూడు పంక్తులున్నాయి. 198.51.100 తో మొదలయ్యే చిరునామాలు మొదటి వాకిలి ఎదుటనే ఉన్నవి. 203.0.113 తో మొదలయ్యేవి రెండవ వాకిలి ఎదుట ఉన్నవి. మిగిలిన ప్రపంచమంతటికీ దారి 198.51.100.1 ద్వారా. ఈ మూడవ పంక్తిని డిఫాల్టు మార్గం అంటారు.

ఇప్పుడు ఎక్కడో దూరాన ఉన్న విద్యార్థి, 192.0.2.77 అనే చిరునామా నుంచి, రెండవ వాకిలి తట్టాడు. అతని ప్యాకెట్టు 203.0.113.10 కు సక్రమంగా చేరింది. సర్వరు జవాబు తయారుచేసింది. జవాబులో మూలం 203.0.113.10, గమ్యం 192.0.2.77. పట్టిక చూసింది. గమ్యం మొదటి రెండు పంక్తులలో లేదు కాబట్టి మూడవది వర్తించింది. జవాబు మొదటి వాకిలి గుండా బయటపడింది. రెండవ వాకిట వచ్చిన అతిథికి మొదటి వాకిలి గుండా, రెండవ ఇంటి నెంబరు వేసిన ఉత్తరం పోయిందన్నమాట. సర్వరు తప్పు చేయలేదు, పట్టిక చెప్పినట్లే నడుచుకొన్నది. అయినా ఆ జవాబు చాలాసార్లు విద్యార్థికి చేరదు.

ఎందుకు చేరదో తెలియాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి. మూల చిరునామాను దారిలో ఎవరూ పరిశీలించరు గనుక, దానిని అబద్ధంగా వ్రాయడం సులభం. 1996 సెప్టెంబరులో న్యూయార్కులోని పానిక్స్ అనే ఇంటర్‌నెట్ సేవాసంస్థ మీదికి దొంగ మూల చిరునామాలతో కనెక్షను కోరే ప్యాకెట్లు వరదలా వచ్చిపడ్డాయి. సర్వర్లు ప్రతిదానికీ జవాబు పంపి, ఎన్నటికీ రాని ప్రత్యుత్తరం కోసం చోటు కేటాయించి కూర్చున్నాయి. నిజమైన వాడకందార్లకు చోటు మిగలలేదు. ఈ రకపు దాడులను అరికట్టడానికి పాల్ ఫెర్గూసన్, డేనియల్ సీనీ అనే ఇద్దరు 1998 జనవరిలో ఒక సిఫారసు ప్రకటించారు. 2000 మే నెలలో దానిని సవరించి తిరిగి వెలువరించారు. దాని సారాంశం ఇది: సేవాసంస్థ తన ఖాతాదారునికి ఏ చిరునామాలు ఇచ్చిందో ఆ మూలంతో వచ్చిన ప్యాకెట్లనే లోనికి రానివ్వాలి, మిగిలినవాటిని గుమ్మం దగ్గరే పారవేయాలి. చాలా మంచి నియమం. కాని మన సర్వరు పంపిన జవాబు మొదటి సంస్థకు చేరేసరికి దాని మీద రెండవ సంస్థ ఇచ్చిన చిరునామా ఉన్నది. దొంగలకోసం పన్నిన వలలో దొర చిక్కుకొన్నాడు. పారవేసిన సంగతి సాధారణంగా ఎవరికీ తెలియజేయబడదు కూడా.

మొదటి లింకు దగ్గరి రౌటరు పారవేయకుండా, తన అలవాటు ప్రకారం మూల చిరునామాను మార్చి పంపినా ప్రయోజనం లేదు. టి.సి.పి. కనెక్షనును గుర్తించడానికి రెండు చిరునామాలు, రెండు పోర్టు సంఖ్యలు, మొత్తం నాలుగూ సరిపోవాలి. తాను పలకరించని మనిషి జవాబు చెబితే విద్యార్థి కంప్యూటరు దానిని స్వీకరించదు.

ఈ లోపాన్ని కనిపెట్టడం కష్టం కావడానికి ఒక విచిత్రమైన కారణమున్నది. దగ్గరగా నిలబడి పరీక్షించేవానికి ఇది కనిపించదు! రెండవ లింకు మీదనే, 203.0.113 తో మొదలయ్యే చిరునామాగల మరొక యంత్రం నుంచి ఫలితాల పుట తెరిచి చూడండి. ఇట్టే తెరుచుకొంటుంది. ఎందుకంటే ఆ గమ్యానికి పట్టికలో రెండవ పంక్తి వర్తిస్తుంది, జవాబు సరియైన వాకిలి గుండానే పోతుంది. పరీక్షించిన వ్యక్తి అంతా బాగున్నదని సంతకం చేసి వెళ్ళిపోతాడు. దూరాన ఉన్నవారికి మాత్రం పుట తెరుచుకోదు. తీగను, రౌటరును, చివరకు సేవాసంస్థను నిందించడం అప్పుడు మొదలవుతుంది. దగ్గర పని చేస్తున్నది, దూరం పని చేయడం లేదు అని వింటే ముందుగా అనుమానించవలసినది జవాబు దారినే.

సరే, రెండవ డిఫాల్టు మార్గం కూడా అదే పట్టికలో వ్రాస్తే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. సరిపోదు. రెండింటికీ వేర్వేరు ప్రాధాన్యసంఖ్యలు ఇస్తే చిన్నదే ఎల్లప్పుడూ ఎంపికవుతుంది, రెండవది ఊరకే పడి ఉంటుంది. పట్టిక అడిగే ప్రశ్న "ఎక్కడికి?" అన్నది మాత్రమే. మనకు కావలసిన ప్రశ్న "ఏ చిరునామా నుంచి?" అన్నది. ఒకే పట్టికలో ఎన్ని పంక్తులు చేర్చినా ప్రశ్న మారదు.

కాబట్టి పట్టికలనే పెంచాలి. 1999 జనవరిలో వచ్చిన లినక్స్ 2.2 కెర్నెల్‌లో ఈ సదుపాయం ఏర్పడింది. ఇందులో రష్యాకు చెందిన అలెక్సీ కుజ్నెట్సోవ్ కృషి ముఖ్యమైనది. పట్టికలు అనేకం ఉండవచ్చు. ఏ ప్యాకెట్టుకు ఏ పట్టిక చూడాలో చెప్పే నియమాల జాబితా వాటికి పైన ఉంటుంది. ప్రతి నియమానికీ ఒక వరుససంఖ్య. చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకు వరుసగా చూస్తూ పోవాలి. ఒక పట్టికలో దారి దొరకకపోతే తరువాతి నియమానికి వెళ్ళాలి. మొదటినుంచీ మూడు నియమాలు అందులో ఉంటాయి: 0వ సంఖ్య వద్ద యంత్రపు సొంత చిరునామాల పట్టిక, 32766 వద్ద మనము ఇంతవరకు చెప్పుకొన్న ముఖ్యపట్టిక, 32767 వద్ద సాధారణంగా ఖాళీగా ఉండే మరొకటి. మన నియమాలను ఈ మధ్యలో ఇరికించాలి.

మన సర్వరుకు 101, 102 అని రెండు కొత్త పట్టికలు చేద్దాము. 102లో రెండే పంక్తులు. 203.0.113 చిరునామాలు రెండవ వాకిలి ఎదుట ఉన్నవి, మిగిలినదంతా 203.0.113.1 ద్వారా. 101లో మొదటి లింకుకు అదే విధంగా. తరువాత నియమాలు. ఆజ్ఞను ఆంగ్లాక్షరాలలో టైపు చేయాలిగాని, చదివితే ఇలా ఉంటుంది: "ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 203.0.113.10 టేబుల్ 102 ప్రయారిటీ 1000". మూలం 203.0.113.10 అయితే 102వ పట్టిక చూడుము అని దీని అర్థం. 198.51.100.10 కు, 101వ పట్టికకు ఇటువంటిదే మరొకటి. ఇప్పుడు విద్యార్థికి పోవలసిన జవాబు 1000వ నియమం దగ్గరే పట్టుబడుతుంది, 102వ పట్టికలోకి వెళ్ళి రెండవ వాకిలి గుండా బయటపడుతుంది. ముఖ్యపట్టిక వరకు రానే రాదు.

ముఖ్యపట్టికకు రాదన్న ఈ మాటలోనే ఒక ప్రమాదం దాగి ఉన్నది. కళాశాల లోపలి కంప్యూటర్లకోసం సర్వరుకు మూడవ వాకిలి కూడా ఉన్నదనుకొనండి. ఆ లోపలి చిరునామాల సంగతి ముఖ్యపట్టికకు తెలుసు, 102కు తెలియదు. లోపలి కంప్యూటరు ఒకటి 203.0.113.10 తో మాట్లాడబోతే, జవాబు ఇల్లు వదలి వీధిలోకి పోతుంది. కాబట్టి కొత్త పట్టికలలో లోపలి దారులు కూడా తప్పక వ్రాయాలి.

యంత్రంలోనే మరొక కావలివాడున్నాడు. వచ్చిన ప్యాకెట్టుకు తాను జవాబు పంపవలసివస్తే అదే వాకిలి గుండా పంపేవాడనా అని లినక్స్ తనను తాను ప్రశ్నించుకొని, కాదంటే ప్యాకెట్టును పారవేస్తుంది. దీనిని ఆర్.పి. ఫిల్టరు అంటారు. విలువ 1 అయితే కఠినంగా, 2 అయితే సడలించి పరిశీలిస్తుంది, 0 అయితే పరిశీలన లేదు. కఠిన పద్ధతిలో ఉన్నప్పుడు మనము చెప్పుకొన్న విద్యార్థి ప్యాకెట్టు లోపలికి కూడా రాదు, గుమ్మంలోనే ఆగిపోతుంది. దానిని 0 చేసి చేతులు దులుపుకొనేవారున్నారు. అది సరికాదు. నియమాలు సరిగా వ్రాస్తే ఈ కావలివాడు కూడా ఆ నియమాలనే సంప్రదించి, తృప్తిపడి ప్యాకెట్టును రానిస్తాడు.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. ఈ విషయాన్ని బోధించేటప్పుడు ఉపాధ్యాయులు రెండు సంగతులను వేరుచేసి చెప్పాలి. "సోర్స్ రౌటింగ్" అని 1981 నాటి నిబంధనలలోనే మరొకటి ఉన్నది. అందులో పంపేవాడే దారిలో తగలవలసిన రౌటర్ల పేర్లు ప్యాకెట్టులో వ్రాసిపెడతాడు. భద్రత దృష్ట్యా దానిని ఇప్పుడు చాలాచోట్ల నిరాకరిస్తారు. మనము చెప్పుకొంటున్నది అది కాదు, మూల చిరునామాను చూసి సర్వరు తన తొలి అడుగు నిర్ణయించుకోవడం మాత్రమే. ఆ అడుగు దాటిన తరువాత బయటి రౌటర్లు మళ్ళీ గమ్యాన్నే చూస్తాయి.

ఈ ఏర్పాటు చేయలేని పనులు కూడా ఉన్నవి. సర్వరు తానుగా కొత్త సంభాషణ మొదలుపెట్టినప్పుడు సాధారణంగా మూల చిరునామా ఇంకా నిర్ణయం కాదు. దారి తేలిన తరువాతనే మూలం ఎంపికవుతుంది. కనుక మన నియమాలు దానికి వర్తించవు, ముఖ్యపట్టికలోని డిఫాల్టు మార్గమే గతి. మొదటి లింకు తెగితే ఆ మార్గాన్ని వేరుగా మార్చవలసిందే. అట్లే బయటివారికి రెండవ చిరునామా తెలియాలంటే సర్వరు పేరుకు ఎదురుగా రెండు చిరునామాలూ నమోదు చేయాలి.

పని సరిగా జరిగిందో లేదో సర్వరునే అడగవచ్చు. "ఐపీ రూట్ గెట్ 192.0.2.77 ఫ్రమ్ 203.0.113.10" అంటే 203.0.113.1 పేరు చెప్పాలి. "ఫ్రమ్" లేకుండా అడిగితే 198.51.100.1 అంటుంది. రెండు జవాబులూ సరియైనవే. ఇట్లా టైపు చేసిన ఆజ్ఞలు యంత్రాన్ని ఆపి తిరిగి ప్రారంభిస్తే మాసిపోతాయి కనుక, వాటిని నెట్‌వర్కు అమరికల ఫైలులో శాశ్వతంగా వ్రాసిపెట్టాలి.

ఉన్నత పాఠశాలలో లినక్స్ ఉన్న ఒక్క కంప్యూటరుతో ఈ ప్రయోగమంతా చేయవచ్చు. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అనే సదుపాయంతో ఒకే యంత్రంలో నాలుగు గదులు కట్టి, ఒకదానిని సర్వరు, రెండింటిని రౌటర్లు, నాలుగవదానిని దూరపు విద్యార్థి అనుకోవాలి. రౌటర్లను, విద్యార్థిని ఒక బ్రిడ్జితో కలపాలి. రౌటర్లు రెండింటికీ ప్యాకెట్లను ముందుకు పంపే అనుమతి ఇవ్వాలి, ఒకరి లింకుకు దారి మరొకరికి తెలపాలి. మొదటి రౌటరులో ఆర్.పి. ఫిల్టరును 1 చేస్తే అదే సేవాసంస్థ కావలివాని పాత్ర వహిస్తుంది. సర్వరులో మాత్రం దానిని మొదట 0గా ఉంచాలి. నియమాలు లేకుండా విద్యార్థి గది నుంచి 203.0.113.10 ను పింగ్ చేస్తే జవాబు రాదు. సర్వరు వాకిళ్ళ దగ్గర టి.సి.పి.డంప్ పెట్టి చూస్తే ప్రశ్న రెండవ వాకిట రావడం, జవాబు మొదటి వాకిట పోవడం తెరమీద స్పష్టంగా కనిపిస్తుంది. పింగ్‌ను ఆపకుండానే 102వ పట్టికను, దాని నియమాన్ని చేర్చండి. ఆ తరువాతి ప్యాకెట్టు నుంచే జవాబులు రావడం మొదలవుతుంది.