మీకు తెలుసా? నీడే సాక్షి!

చంద్రుడి మీద పోయిన వస్తువును చెన్నైలో కూర్చుని పట్టేశారంటే నమ్ముతారా? 2019లో మన విక్రమ్ ల్యాండర్ కూలిపోయింది కదా! ఆ చోటు ఫొటోలను నాసా అందరికీ చూడనిచ్చింది. షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజనీరు పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి గాలించారు. కొత్తదాంట్లో ఓ తెల్లచుక్క ఎక్కువ! ఎంత చుక్క? 1 పిక్సెల్! అది విక్రమ్ ముక్కేనని చివరికి నాసాయే ప్రకటించింది!

ఇలా ఎవరైనా చూడగలిగే సమాచారంతోనే కూపీ లాగడాన్ని ఓపెన్ సోర్స్ ఇన్వెస్టిగేషన్ అంటారు. హ్యాకింగ్ లేదు, దొంగచాటు లేదు. ఓపిక మాత్రం బోలెడు కావాలి!

అసలైనది ఇప్పుడు వినండి! 2018లో ఓ ఘోరమైన వీడియో బయటికొచ్చింది. సైనికులు ఇద్దరు ఆడవాళ్లనీ, ఇద్దరు పిల్లల్నీ కాల్చి చంపారు. ఊరు తెలీదు, తేదీ తెలీదు. అది మా దగ్గర జరగనే లేదని కామెరూన్ ప్రభుత్వం కొట్టిపారేసింది. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం ఏం పట్టుకుందో తెలుసా? వెనకాల కనిపించే కొండల అంచును! ఆ ఎత్తుపల్లాల గీతను గూగుల్ ఎర్త్‌లోని కొండలతో పోల్చుకుంటూ పోయింది. కామెరూన్ ఉత్తర కొసన, జెలెవెట్ ఊరి దగ్గర అచ్చుగుద్దినట్టు సరిపోయింది!

మరి తేదీ? నడిచే సైనికుల నీడలే చెప్పాయి! ఎండ ఏ కోణంలో పడిందో లెక్కగట్టారు. వీడియోలోని ఇళ్లు, కాలిబాట ఉపగ్రహ చిత్రాల్లో ఎప్పుడెప్పుడు ఉన్నాయో చూశారు. 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య అని తేల్చేశారు! ఇక బుకాయింపు సాగలేదు. 2020లో నలుగురు సైనికులకు పదేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది!

చిరుగు కూడా వేలిముద్రలా పనికొస్తుంది! 2014లో ఉక్రెయిన్ మీద మలేసియా విమానాన్ని క్షిపణితో కూల్చేశారు. 298 మంది చనిపోయారు. ఆ క్షిపణి బండిని రోడ్డు మీద జనం మామూలుగా ఫొటోలు తీసి నెట్‌లో పెట్టారు. బెల్లింగ్‌క్యాట్ బృందం వాటిని ఏరింది. బండి పక్కన వేలాడే రబ్బరు పట్టీ ఎక్కడ చిరిగింది, ఎక్కడ వంగింది... అంతా గీత గీతకీ పోల్చింది. రష్యా సైన్యం కాన్వాయ్‌లో కనిపించిన బండే అది!

పొద్దున్నే ఫిట్‌నెస్ యాప్ పెట్టుకుని పరుగు తీస్తారా? అయితే ఇది మీకే! స్ట్రావా యాప్ ప్రపంచమంతటి పరుగుల దారులతో ఓ మ్యాపు వేసింది. ఎడారి మధ్యలో వెలుగు గీతలు! అవి సైనిక స్థావరాలని 2018లో గుర్తుపట్టిందెవరు? 20 ఏళ్ల ఆస్ట్రేలియా కుర్రాడు!

మీ నెత్తి మీద పోయే ప్రయాణికుల విమానం తానెక్కడుందో ఎంత తరచుగా చాటుకుంటుందో చెప్పండి? సెకనుకు దాదాపు 2 సార్లు! చిన్న రిసీవర్ ఉంటే మేడ మీంచి మీరూ వినొచ్చు!

ఇది మాత్రం కాస్త భయపెట్టేదే. 2019లో జపాన్‌లో ఓ దుర్మార్గుడు గాయని ఇంటి దారి కనిపెట్టాడు. దేంతోనంటారా? ఆమె సెల్ఫీతో! కంటిపాపలో రైల్వే స్టేషన్ కనిపించిందట!

మీ ఊరి చెరువు గట్టు పక్కన మట్టి పోస్తున్నారా? యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలు 5 రోజులకోసారి పైనుంచి ఫొటో తీస్తాయి. చూడ్డానికి పైసా కట్టక్కర్లేదు! నెల కిందటి ఫొటో, ఇవాళ్టి ఫొటో పక్కపక్కన పెట్టండి. నీళ్లు ఎంతవరకు తగ్గాయో మీకే తెలుస్తుంది!

ఆ పని మీద ప్రభుత్వ దస్త్రం కూడా కావాలా? సమాచార హక్కు చట్టం ఉందిగా! మన రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు ఫీజే లేదు! మండలంలో అయితే ఐదు రూపాయలు. జవాబుకు నెల రోజులు గడువు. కానీ మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇచ్చి తీరాలి!