వార్తల్లో పదం: బ్లెఫరోప్లాస్టీ

సాగిన కంటిరెప్ప చర్మాన్ని, అవసరమైతే కాస్త కొవ్వునూ తీసేసే శస్త్రచికిత్స ఇది. అందం కోసమే అనుకున్నా ముందు తేల్చుకోవాల్సింది కంటి సంగతి. చర్మం సాగడం వేరు, రెప్పనెత్తే కండరం బలహీనపడే టోసిస్ వేరు. టోసిస్‌కు చర్మం కత్తిరిస్తే సరిపోదు. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలే రెప్ప మయస్తీనియా జబ్బుకు గుర్తు కావచ్చు. కళ్లు పొడిబారేవారికి ఆపరేషన్ తర్వాత మంట పెరగొచ్చు.

అందం కోరుకోవడం తప్పా? కానే కాదు. అయితే ఈ శస్త్రచికిత్స అత్యవసరం కాదు కాబట్టే నిదానంగా ఆలోచించే వీలుంది. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ మొదలైంది మెదక్ జిల్లా మల్కాపూర్‌లోనే. దాంతో కళ్లద్దాల పరీక్ష ఊళ్లోకొచ్చింది. ఈ ఆపరేషన్ మాత్రం అలా ఊళ్లో జరిగేది కాదు. చాలా అరుదుగానైనా కంటి వెనక రక్తం చేరితే చూపే పోవచ్చు, వైద్యం వెంటనే అందాలి. హైదరాబాద్‌లో చేయించుకునే మెదక్ పట్టణవాసులు ఆ రాత్రే తిరుగు ప్రయాణం పెట్టుకోకూడదు.